ముప్పై డిగ్రీల దగ్గర గాలి ఎందుకు దిగుతుంది, మేడమ్?

కర్నూలు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి సోషల్ టీచర్ ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సంగతి కుదించి చెబుతాను.

ఆవిడ డిగ్రీలో చదివింది చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం. భూగోళం ఎప్పుడూ ఆవిడ సబ్జెక్టు కాదు. చాలా ఏళ్లు ఎస్జీటీగా చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, నిరుడు ప్రమోషన్ మీద హైస్కూలుకు వచ్చారు. ఈ జులైలో తొమ్మిదో తరగతికి పీడన మేఖలలు, ప్రపంచ పవనాల పాఠం చెప్పారు. బోర్డు మీద గుండ్రం గీసి, భూమధ్యరేఖ దగ్గర అల్పపీడనం, 30 డిగ్రీల దగ్గర అధికపీడనం, 60 దగ్గర మళ్లీ అల్పం, ధ్రువాల దగ్గర అధికం అని బాణాలు వేసి చూపించారు.

అప్పుడు ఒక అబ్బాయి లేచి మూడు ప్రశ్నలు వేశాడు. వేడెక్కిన గాలి పైకి లేస్తే అల్పపీడనం అన్నారు కదా, మరి సహారా ఎడారి అంత వేడిగా ఉంటే అక్కడ అధికపీడనం ఏమిటి? 60 డిగ్రీల దగ్గర చలి కదా, అక్కడ అల్పపీడనం ఎట్లా వచ్చింది? బోర్డు మీద బాణాల ప్రకారం మన ఊరికి ఈశాన్యం నుంచి గాలి రావాలి, మరి ఇప్పుడు కిటికీలోంచి దుమ్ము పడమటి వైపు నుంచి ఎందుకు కొడుతోంది?

బెల్లు కొట్టారు. "రేపు చెప్తాను" అన్నారావిడ. రెండు వారాలు దాటినా ఆ రేపు రాలేదు. గైడ్లు తిరగేస్తే ఒక్కోదాంట్లో ఒక్కో కారణం ఉంది. స్టాఫ్ రూములో అడిగితే, వయసులో చిన్నవాడైన ఫిజిక్స్ సారు "సోషల్ వాళ్లకు కొరియాలిస్ దేనికి మేడమ్, బాణాలు కరెక్టుగా పెట్టిస్తే చాలు" అని నవ్వాడు. హెడ్మాస్టరు గారు "ఆ రెండు పీరియడ్లు ఆయన్నే తీసుకోమనండి" అన్నారు. ఇంట్లో భర్త "పరీక్షకు వచ్చేది చెప్పు, మిగతాది వదిలెయ్" అంటున్నారు. అబ్బాయి మాత్రం రోజూ మొదటి బెంచీలో కూర్చుని చూస్తున్నాడట. నాకు రాదని ఒప్పుకుంటే క్లాసు చేజారిపోదా, వచ్చే ఏడాది భూగోళం ఇంకెవరికైనా ఇచ్చేయమని అడగనా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

*

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. జవాబు తెలియకపోవడం ఒకటి, దాన్ని నలుగురూ చూశారన్నది ఇంకొకటి. మొదటిది కాగితం మీద తీరుతుంది. రెండోదానికి మీరే దారి ఎంచుకోవాలి. ముందు జవాబులు చెబుతాను. అవి చేతిలో లేకుండా దారులు మాట్లాడుకుంటే ఉపయోగం ఉండదు.

ఆ అబ్బాయి అడిగినవి పిల్లచేష్ట ప్రశ్నలు కావు. 1735లో లండన్‌లో జార్జ్ హాడ్లీ అనే లాయరు వ్యాపార పవనాలకు, అంటే 30 డిగ్రీల వైపు నుంచి భూమధ్యరేఖ వైపు వీచే గాలులకు, కారణం చెప్పాడు. భూమధ్యరేఖ దగ్గర గాలి వేడెక్కి లేచి, పైన ధ్రువాల వైపు పోయి, చల్లబడి దిగి, నేల మీదుగా వెనక్కి వస్తుంది, భూమి తిరుగుతోంది కనుక ఆ గాలి పక్కకు మళ్లుతుంది అన్నాడు. భూభ్రమణాన్ని లెక్కలోకి తెచ్చిన ఆ ఊహ గొప్పదే. కానీ ధ్రువం దాకా ఒకటే చక్రం అయితే 30 దగ్గర అధికపీడనం ఎక్కడిది? అది ఆయన లెక్కలో లేదు. నూటఇరవై ఏళ్ల తర్వాత, 1856లో, అమెరికాలో విలియం ఫెరెల్ ఆ ముడి మీద చెయ్యి వేశాడు. మోరీ అనే నౌకాదళ అధికారి సముద్రాల గురించి రాసిన పుస్తకం అప్పట్లో బాగా చదివేవారు. అందులోని పీడనాల వివరణ ఫెరెల్‌కు నచ్చలేదు. తానే ఒక వ్యాసం రాశాడు. అది అచ్చయింది నాష్‌విల్ నగరంలోని ఒక వైద్య పత్రికలో. అప్పటికి ఫెరెల్ ఏ విశ్వవిద్యాలయంలోనూ లేడు, స్కూలు టీచరుగా ఉన్నాడు. ఇది మీ ఫిజిక్స్ సారుకు చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు.

ఇక అసలు సంగతి. ఏడు పీడన మేఖలలు అని పిల్లల చేత రాయిస్తాం. భూమధ్యరేఖ దగ్గర ఒకటి, 30ల దగ్గర రెండు, 60ల దగ్గర రెండు, ధ్రువాల దగ్గర రెండు. ఈ ఏడింటికీ కారణం ఒకటే అన్నట్టు చెప్పడంలోనే చిక్కంతా ఉంది. భూమధ్యరేఖ, రెండు ధ్రువాలు, ఈ మూడింటినీ ప్రధానంగా వేడి, చలి తయారుచేస్తాయి. మిగతా నాలుగూ గాలి కదలిక వల్ల, భూమి తిరగడం వల్ల పుట్టినవి. మీ అబ్బాయి మొదటి మూడింటి సూత్రం పట్టుకుని ఆ నాలుగింటికీ వేసి చూశాడు. కుదరలేదు. కుదరకూడదు కూడా.

30 డిగ్రీల సంగతి చూద్దాం. భూమధ్యరేఖ మీద నేల గంటకు సుమారు 1670 కి.మీ. వేగంతో తూర్పుకు తిరుగుతోంది. అక్కడి గాలికీ అదే వేగం. 30 డిగ్రీల దగ్గర నేల వేగం 1450 దరిదాపు, 60 దగ్గర 835 మాత్రమే. భూమధ్యరేఖ దగ్గర లేచిన గాలి దాదాపు 15 కి.మీ. ఎత్తుకు పోయి ఉత్తరానికి బయల్దేరిందనుకోండి. పోయే కొద్దీ భూమి ఇరుసుకు దగ్గరవుతుంది. ఇరుసుకు దగ్గరయ్యేది ఏదైనా ఇంకా వేగంగా తిరుగుతుంది. దీన్ని పిల్లలకు చూపించడానికి హెడ్మాస్టరు గారి రివాల్వింగ్ కుర్చీ చాలు. ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండు నీళ్ల సీసాలు పెట్టి, చేతులు బారజాపించి తిప్పండి. చేతులు ఛాతీకి లాక్కోగానే కుర్చీ జోరందుకుంటుంది. ఆ గాలిని ఆపేదేమీ లేకపోతే 30 డిగ్రీలకు చేరేసరికి అది నేలకంటే గంటకు 480 కి.మీ. ఎక్కువ వేగంతో తూర్పుకు పరుగెత్తాలి. 60 దగ్గరికి పోతే 2500 దాటాలి. ధ్రువం దాకా అయితే లెక్కకు అంతే ఉండదు. అంటే హాడ్లీ అనుకున్నట్టు ఒకే చక్రం ధ్రువం దాకా పోవడం అసాధ్యం.

నిజంగా జరిగేది ఇది. ఉత్తరానికి బయల్దేరిన గాలి కొరియాలిస్ ప్రభావంతో, అంటే భూమి తిరగడం వల్ల కదిలేవి పక్కకు మళ్లే ప్రభావంతో, కుడివైపుకు, అంటే తూర్పుకు మళ్లుతుంది. 30 దగ్గరపడే సరికి ఉత్తరపు నడక మందగించి దాదాపు తూర్పుకే పరుగెడుతుంటుంది. సుమారు 12 కి.మీ. ఎత్తున ఉండే జెట్ ప్రవాహం ఇదే. చలికాలంలో మన ఉత్తర భారతం మీదుగానే పోతుంది. రాపిడి, సుడులు వేగాన్ని తినేస్తాయి కాబట్టి 480 ఉండదు, తరచూ 150 నుంచి 250 దాకా ఉంటుంది. వెనకనుంచి గాలి వస్తూనే ఉంది, ముందుకు మాత్రం పోవడం లేదు. అక్షాంశ వృత్తాలు కూడా ఉత్తరానికి పోయేకొద్దీ చిన్నవవుతాయి కనుక చోటు ఇంకా ఇరుకవుతుంది. పైన గాలి పోగుపడితే కింద బరువు పెరుగుతుంది. దారిలో ఆకాశానికి వేడి కోల్పోయి చల్లబడిన ఆ గాలి దిగడం మొదలుపెడుతుంది. అదే ఉప అయనరేఖా అధికపీడన మేఖల.

దిగే గాలి నలుగుతుంది, నలిగితే వేడెక్కుతుంది, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు. వేడెక్కిన గాలిలో మబ్బు నిలవదు. మబ్బు లేకపోతే ఎండ సూటిగా నేలకు దిగుతుంది. సహారా వేడికి మూలం అక్కడ ఉంది. అబ్బాయి అనుకున్నట్టు ఆ వేడి అధికపీడనాన్ని చెడగొట్టాలి గానీ, గాలి దిగడమే ఆ వేడికి ఒక కారణం అని తెలిస్తే ప్రశ్న తిరగబడుతుంది. ఇంకో మాట కూడా చెప్పండి. ఎండాకాలంలో సహారా నేలకు ఆనుకుని నిజంగానే ఒక అల్పపీడనం ఏర్పడుతుంది. అబ్బాయి సగం సరిగ్గానే ఊహించాడు. అధికపీడనం దాని పైన ఉంటుంది. ఈ మేఖల చక్కగా కనిపించేది సముద్రాల మీద. అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర, పసిఫిక్‌లో హవాయికి ఈశాన్యాన, మన హిందూ మహాసముద్రంలో మాస్కరీన్ దీవుల దక్షిణాన.

భూభ్రమణమే కారణం అని నమ్మని పిల్లవాడుంటే మిగతా గ్రహాలు చూపించండి. శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటాడు. అక్కడ భూమధ్యరేఖ దగ్గర లేచిన గాలి 60 డిగ్రీల దాకా పోయి దిగుతుంది. గురుడు పది గంటలలోపే తిరిగేస్తాడు, అందుకే గాలి చక్రాలు ఇరుకై ఒళ్లంతా పట్టీలే.

60 డిగ్రీల అల్పపీడనం ఇంకో రకం. అది రోజూ అక్కడే ఉండే గీత కాదు. ధ్రువం నుంచి వచ్చే చలిగాలి, దక్షిణం నుంచి వచ్చే పశ్చిమ పవనాల (30కీ 60కీ మధ్య పడమటి నుంచి వీచే గాలుల) వెచ్చటి గాలి అక్కడ ఎదురుపడతాయి. రెండూ కలవవు. వాటి మధ్య సరిహద్దు మెలికలు తిరిగి, ఆ మెలికల్లో తుపానులు పుట్టి, ఒకదాని వెనక ఒకటి తూర్పుకు పోతుంటాయి. నార్వేలో బెర్గెన్ నగరంలో బ్యెర్క్‌నెస్ తండ్రీకొడుకుల బృందం మొదటి ప్రపంచయుద్ధం ముగిసే నాళ్లలో దీన్ని పట్టుకుంది. ఏడాది పొడవునా వచ్చిపోయే ఆ తుపానుల పీడనాలకు సగటు తీస్తే మేఖల వస్తుంది. ఉత్తరార్ధంలో అది రెండు ముక్కలు, ఐస్‌లాండ్ దగ్గర ఒకటి, అలూషియన్ దీవుల దగ్గర ఒకటి. మధ్యలో సైబీరియా చలికాలంలో అధికపీడనంతో బిగుసుకుపోతుంది. 1968 డిసెంబరు 31న అక్కడి అగాతాలో 1083.8 మిల్లీబార్లు నమోదైంది, సముద్రమట్టానికి లెక్కగట్టి చూస్తే. బోర్డు బొమ్మ నిజంగా కనిపించేది దక్షిణార్ధంలోనే. అడ్డం వచ్చే భూమి లేదు కనుక అంటార్కిటికా చుట్టూ అల్పపీడనం ఉంగరంలా తిరిగి ఉంటుంది.

గైడ్లలో "భూభ్రమణం వల్ల గాలి అక్కణ్ణుంచి విసిరివేయబడుతుంది" అని ఒక వాక్యం ఉంటుంది, మీకూ తగిలే ఉంటుంది. నాకు ఆ వాక్యం గిట్టదు. భూమి గాలిని అలా విసిరేస్తే ముందు భూమధ్యరేఖ దగ్గర విసరాలి. పరీక్షలో పిల్లలు ఆ ముక్క రాసినా మార్కు పోదు, మీరు మాత్రం దాన్ని కారణంగా చెప్పకండి. వాష్ బేసిన్‌లో నీళ్లు తిరిగే దిక్కు కూడా కొరియాలిస్ వల్ల కాదు. ఎవరో ఒకరు అడుగుతారు.

మూడో ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. పుస్తకంలోని బాణాన్ని కిటికీతో పోల్చి చూశాడు. జులైలో సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. మేఖలలన్నీ కొంచెం ఉత్తరానికి జరుగుతాయి. మిగతాచోట్ల కొద్ది డిగ్రీలే, మన దగ్గర మాత్రం ఆసియా భూభాగం కాలిపోతుంది కనుక భూమధ్యరేఖా అల్పపీడనం గంగా మైదానం దాకా, సుమారు 25 డిగ్రీల దాకా ఎక్కి కూర్చుంటుంది. పాకిస్తాన్, రాజస్థాన్ మీద పీడనం 1000 మిల్లీబార్ల కిందికి దిగుతుంది. బోర్డు బొమ్మ ప్రకారం అధికపీడనం ఉండాల్సిన అక్షాంశం అది! దక్షిణాన మాస్కరీన్ దగ్గర 1020 పైన. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆగ్నేయ వ్యాపార పవనాలు భూమధ్యరేఖ దాటగానే కుడికి మళ్లి నైరుతి గాలులవుతాయి. మీ కిటికీలో దుమ్ము కొడుతున్నది అవే, పశ్చిమ కనుమల దగ్గర వాన చాలావరకు వదిలేసి వచ్చి. శీతాకాలంలో బొమ్మలోని ఈశాన్య బాణం మీ ఊళ్లో కనిపిస్తుంది.

దీన్ని మైదానంలో చేసి చూపించవచ్చు. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రం ఒకటుంది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. ఈ వారంలోనే పిల్లలందరినీ వీపు గాలికి పెట్టి నిలబెట్టండి. పడమర, నైరుతి గాలికి వీపు పెడితే ముఖం తూర్పు ఈశాన్యానికి ఉంటుంది, ఎడమ చెయ్యి చాపితే వాయవ్యం వైపు, ఉత్తరం వైపు. రాజస్థాన్ అటే ఉంది. పశ్చిమ పవనాలకూ ఇదే వర్తిస్తుంది. పడమటి గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఉత్తరం, కాబట్టి 30 కంటే 60 దగ్గర పీడనం తక్కువ ఉండి తీరాలి. రెండో ప్రశ్నకు ఇది ఇంకో జవాబు.

ఇప్పుడు మీ రెండో బాధ.

హెడ్మాస్టరు గారి సలహా పాటించి రెండు పీరియడ్లు ఫిజిక్స్ సారుకు ఇచ్చేయడం ఒక దారి. ఆయన కోణీయ ద్రవ్యవేగం, అంటే ఆ కుర్చీ సూత్రం, మీకంటే, నాకంటే బాగా చెబుతారు. అయితే ఎడారులు, ఋతుపవనాలు, కిటికీలో దుమ్ము ఆయన పాఠంలోకి వస్తాయో రావో. పిల్లలకు కూడా ఒకటి అర్థమవుతుంది, కష్టమైన ప్రశ్న వస్తే సోషల్ మేడమ్‌ను అడగక్కర్లేదని. ఆ అభిప్రాయం ఒకసారి పడితే పదో తరగతి దాకా మీ వెంట వస్తుంది. దీన్నే కొంచెం మార్చి, కుర్చీ ప్రయోగం ఒక్కటి ఆయన్ను చెయ్యమని, మ్యాపు, మైదానం మీరు ఉంచుకోవచ్చు. అలా అడగడానికి ఆయన నవ్వు మీకు అడ్డం రావచ్చు. మీరు రాసిన దాన్నిబట్టి అది చులకనో, చనువో నేను తేల్చలేను. "బాణాలు కరెక్టే సార్, కారణం కావాలి, కుర్చీ మీరు తిప్పుతారా" అని పని ఇచ్చి చూస్తే మీకే తెలుస్తుంది. ఒప్పుకుంటే స్టాఫ్ రూములో మీకో తోడు దొరికినట్టే. మళ్లీ నవ్వితే ప్రయోగం మీరే చెయ్యండి. పిల్లల ముందు నవ్వితే మాత్రం అది హెడ్మాస్టరు గారికి చెప్పాల్సిన విషయం, మనసులో పెట్టుకునేది కాదు.

మీవారు చెప్పిన దారిని నేను తీసిపారెయ్యను. సిలబస్ ఉంది, మూల్యాంకనాలు ఉన్నాయి, క్లాసులో మ్యాపు గుర్తించలేని పిల్లలు సగంమంది ఉండొచ్చు. బొమ్మ, బాణాలు, పేర్లు నేర్పి ముందుకు పోతే ఎవరూ తప్పుపట్టరు. నష్టం ఒక్క పిల్లవాడి దగ్గరే కనబడుతుంది. అతను అడగడం మానేస్తాడు, పరీక్షలో మార్కులు మాత్రం బాగానే తెచ్చుకుంటాడు. ఆ మార్కులు చూసి మీరూ మర్చిపోవచ్చు. రోజూ చూస్తున్నాడని ఉత్తరంలో ఇంత రాసినవారు మర్చిపోతారని నాకు నమ్మకం లేదు.

మూడో దారి, క్లాసులో పాఠం మళ్లీ తెరవడం. "ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, వెతికాను, ఇదిగో" అని మొదలుపెట్టవచ్చు. క్లాసు చేజారుతుందని మీ భయం. హైస్కూలు పిల్లలు టీచరుకు తెలియదన్న సంగతి "రేపు చెప్తాను" అన్నప్పుడే గ్రహిస్తారు. రెండు వారాల్లో కొత్తగా దాచగలిగింది ఏమీ మిగల్లేదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ అబ్బాయిని లేపి పొగిడితే మిగతావాళ్లు వాణ్ణి సైంటిస్టు అని ఏడిపిస్తారు, లేదా మేడమ్‌ను ఓడించినవాడు అంటారు. రెండూ వాడికి మంచివి కావు. మూడు ప్రశ్నలూ బోర్డు మీద రాసి, ఎవరివో చెప్పకుండా క్లాసు మొత్తానివి చేసేయండి. అబ్బాయికి పక్కకు పిలిచి ఒక మాట అంటే చాలు. ఇలా చేస్తే ఇంకో ఫలితం కూడా ఉంటుంది, ముందే తెలుసుకోండి. ప్రశ్నలు పెరుగుతాయి. సరిగ్గా 30 ఏమిటి, 25 ఎందుకు కాదు అంటారు. దానికి పూర్తి లెక్క హైస్కూల్లో కుదరదు, ఈ చక్రం ఈమధ్య దశాబ్దాల్లో కొద్దిగా వెడల్పవుతోందని శాస్త్రవేత్తలు గమనించి ఇంకా పని చేస్తున్నారు అని చెప్పవచ్చు. పీరియడ్లు కరిగిపోతాయి, మరో పాఠం పరుగుమీద చెప్పాల్సి వస్తుంది.

నాకు మూడోదాని వైపే మొగ్గు ఉంది, అది మీ ఉత్తరం చదివాక కలిగిన మొగ్గు. క్లాసు మీది. ఏది ఎంచుకున్నా పరీక్ష బొమ్మనూ, నిజం బొమ్మనూ విడివిడిగా గీయండి. మొదటిదాని కింద "భూమి అంతా నీళ్లే అయి ఉంటే, ఏడాది సగటు" అని రాయండి. రెండోదానికి ఫోన్‌లో విండీ లాంటి వాతావరణ మ్యాపు తెరిచి, పీడనం గీతలు పెట్టి చూపించండి. మేఖలలు ఎక్కడ తెగాయో పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు.

భూగోళం వేరేవాళ్లకు ఇచ్చేయాలా అన్నారు. అది వచ్చే జూన్ ప్రశ్న. ఇప్పుడు అడిగితే ఈ ఒక్క పాఠానికి భయపడి అడిగినట్టవుతుంది, అడిగాక వెనక్కి తీసుకోవడం కష్టం. మీ స్కూల్లో ఇంకో సోషల్ టీచర్ ఉండి, ఆవిడకో ఆయనకో భూగోళం మీద ఇష్టం ఉంటే మార్చుకోవడంలో తప్పేమీ లేదు. మీ చరిత్ర పాఠాలు పిల్లలకు దక్కుతాయి. లేకపోతే దసరా సెలవుల్లో తెలుగు అకాడమీ ఇంటర్ భూగోళశాస్త్రం పుస్తకం తెప్పించి, వాతావరణం అధ్యాయాలు చదవండి. కోణీయ ద్రవ్యవేగం దగ్గర ఆగిపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి.